స్వప్న గడియారంలో పదిహేను నిమిషాలు

ముందుగా, కచ్చితంగా తెలిసినవి. 2006 ఆగస్టు, నాచారం పారిశ్రామికవాడ వెనుక ఒక చిన్న ప్రైవేటు పాఠశాల, నాలుగో తరగతి. గడియారం బొమ్మలు చూసి సమయం రాయమని నేనిచ్చిన పది ప్రశ్నలకూ స్వప్న అనే అమ్మాయి తప్పు జవాబులే రాసింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇక వినికిడి మాటలు: ఆమెకు చూపు మందమని ఒకరు, అసలు అంకెలే రావని మరొకరు అన్నారు. పరీక్షించి చెప్పినవారు లేరు.

అయినా ప్రధానోపాధ్యాయురాలు ఆ మాటలే నమ్మారు. "రేపటి నుంచి మూడో తరగతిలో కూర్చోబెడదాం సార్," అన్నారు. నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ని. కారణం తెలియని తప్పుకు శిక్ష వేయడం మింగుడుపడక, సోమవారం దాకా గడువు అడిగాను.

అయోమయం మరింత పెరిగింది. గంటల ముల్లు ఎక్కడుందో, నిమిషాల ముల్లు ఎక్కడుందో అడిగితే స్వప్న సరిగ్గానే చూపేది. టైమెంతని అడిగితే మాత్రం తప్పు చెప్పేది. చివరికి గ్రాఫ్ పేపర్ తీసి, అడ్డగీత మీద అసలు సమయాలు, నిలువుగీత మీద ఆమె జవాబులు గుర్తించాను. చుక్కలు చెల్లాచెదురుగా పడతాయనుకున్నాను. పదికి పదీ ఒకే సరళరేఖ మీద నిలిచాయి, ఉండవలసిన చోటికి సరిగ్గా పదిహేను నిమిషాలు కింద. ప్రయోగశాలలో దీన్ని జీరో ఎర్రర్ అంటాం: పరికరం మొదలే తప్పు చోట ఉంటే కొలతలన్నిటికీ ఒకే తేడా వస్తుంది. అయితే ఇక్కడ పరికరం ఏది?

శనివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి యాదగిరి అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చారు.

"పిల్ల ఏం జేసింది సార్?"

"ఏమీ చేయలేదండీ. టైము చెప్పడం రావట్లేదని మూడో తరగతిలో కూర్చోబెడతామంటున్నారు. స్వప్నా, ఆ గోడ గడియారంలో టైమెంత?"

ముళ్లు ఐదున్నర చూపుతున్నాయి.

"ఐదుంబావు సార్."

యాదగిరి నవ్వారు. "కరెక్టే గద! షిఫ్టు తప్పొద్దని పావుగంట ముందుకు వెట్టిన. గేటు మూసిన్రంటే ఇగ లోపలికి రానియ్యరు."

"గడియారమంటే పావుగంట తీసెయ్యాలె గద నాయినా?" అంది స్వప్న.

వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. "గట్ల నేర్పింది నువ్వే. ఇగ మూడోదాంట్ల నువ్వే గూసో పో!"

ఒక్క గడియారానికి చేయవలసిన సవరణను స్వప్న లోకంలోని గడియారాలన్నిటికీ చేసింది.

"మీ ఇంటిదానికి మాత్రమే తీసెయ్యమ్మా. కాగితం మీదివాటిని ఎవరూ ముందుకు జరపలేదు," అన్నాను.

"మరి బడిల గడియారం?"

"దాన్నీ జరపలేదు."

"మీరు సూసిన్రా సార్?"

చూడలేదు. ఆ సంగతి ఒప్పుకోలేక నా చేతి గడియారం వంక చూశాను. గోడ గడియారం దానికన్నా ముందున్నది పదిహేను కాదు, ఇరవై రెండు నిమిషాలు.

సోమవారం ప్రధానోపాధ్యాయురాలు స్వయంగా పది కొత్త బొమ్మలు గీసి ఇచ్చారు. స్వప్న పదీ సరిగ్గా రాసింది, నాలుగో తరగతిలోనే ఉండిపోయింది. తప్పులన్నీ ఒకే తీరున ఉంటే వాటి వెనుక ఎవరో నేర్పిన నియమం ఉండవచ్చని నాకు తెలిసివచ్చింది. తేడా కొలవకుండా సున్నా వేయడం అప్పటినుంచి మానుకున్నాను.

ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఎక్కువ వచ్చిన ఆ ఏడు నిమిషాలు వాళ్ల గడియారానివా, నావా? ఆ శనివారం రాత్రే రేడియో వార్తల వేళకు అలవాటు చొప్పున నా గడియారం సరిచేసుకున్నాను. ముల్లును ఎంత జరిపానో చూసుకోలేదు.