చేట చేతులు మారేదాకా

కరోనాకు ముందటి ఏడాది నన్ను సంగారెడ్డి నుంచి పారిశ్రామికవాడ అంచున ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. ప్రసూతి వార్డులో హెడ్ నర్సు పోస్టు. ఇప్పుడు ఆ హోదాకు పేరు మారింది కానీ పని అదే. స్టాఫ్ నర్సులకు డ్యూటీలు వేయాలి, మందులకు ఇండెంట్ రాయాలి, డాక్టరు చెప్పినదానికీ రోగి ఒప్పుకున్నదానికీ మధ్య దూరం తగ్గించాలి. ఈ మూడోది ఏ ఉత్తర్వులోనూ ఉండదు. అందులో నన్ను మించినవాళ్లు జిల్లాలో లేరని అప్పట్లో నా నమ్మకం.

నమ్మకానికి కారణం ఉంది. మాది సదాశివపేటలో కిరాణా దుకాణం. ఒకపక్క మేనమామ బట్టల కొట్టు, ఇంకోపక్క పెదనాన్న ఇత్తడి సామాన్ల కొట్టు. వద్దని మెట్లు దిగిన గిరాకీని వెనక్కి పిలవడం నేను ఓనమాలకంటే ముందు నేర్చుకున్నాను. వార్డులోనూ అదే విద్య నడిపాను. జిన్నారం వైపు నుంచి వచ్చే బాలింతకు అత్తగారు పథ్యమని నీళ్లు తగ్గిస్తే, వేడినీళ్లకు ఒప్పించేదాన్ని. అమావాస్య నాడు ఇంటికి పోము అంటే, డిశ్చార్జి కాగితం రాసి మంచం మాత్రం మర్నాటిదాకా ఉంచేదాన్ని. సగం దారిలో ఇద్దరం కలుసుకునేవాళ్లం.

దీపావళి వెళ్లిన ఆరో రోజు, మధ్యాహ్నం రెండున్నరకు సునీతను ఆటోలో తెచ్చారు. బిహార్ నుంచి వచ్చిన అమ్మాయి. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఎనిమిదో నెల. పొద్దున్నుంచి వాంతులు, విరేచనాలు. నాడి నూట ముప్పై, బీపీ ఎనభై బై యాభై. డాప్లర్ పెడితే కడుపులో బిడ్డ గుండె నూట డెబ్బై ఆరు. నూట అరవై దాటితే మాకు కంగారు మొదలవుతుంది. ఒంట్లో నీరు తగ్గడంతో కడుపు కూడా అప్పుడప్పుడూ బిగుస్తోంది. అలాగే వదిలేస్తే నెలలు నిండకుండానే కాన్పు వస్తుంది, లేదా బిడ్డ లోపలే అలసిపోతుంది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రెండు చేతులకూ లైన్లు పెట్టి ఆర్‌ఎల్ ఎక్కించమంది. ఆర్‌ఎల్ అంటే లవణాలు కలిపిన సెలైన్. అంతలో మా ఆయా యాదమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"సిస్టరమ్మా, గామె నోరు జూడుండ్రి, పెంక లెక్క ఎండింది. నీళ్లియ్యబోతే మూతి తిప్పుకుంటుంది."

బయట నిలబడిన భర్త రాంజీని అడిగితే సంగతి తెలిసింది. ఛఠ్ వ్రతం. నిన్న రాత్రి బెల్లం పాయసం తిన్నాక రేపు పొద్దున సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. ఈ రోజు సాయంత్రం మునిగే సూర్యుడికి మొదటి అర్ఘ్యం. నిరుడు ఆమెకు ఏడో నెలలో బిడ్డ పోయింది. ఈ బిడ్డ నిలవాలని మొక్కుకుని పట్టిన వ్రతం ఇది. ఈ బిడ్డ కోసమే అంటూ ఈ బిడ్డకే నీళ్లు అందకుండా చేస్తోందని నాకు కోపం వచ్చింది. కోపంలో బేరం చేయకూడదని మా నాన్న చెప్పేవాడు. నేను చేశాను.

సీసా ఎత్తి చూపించి, వచ్చిన దక్కనీ హిందీలో, ఇది నీళ్లు కాదు, మందు, నోట్లోంచి పోదు కాబట్టి వ్రతానికి ఏమీ కాదు అని గడగడా చెప్పాను. ఆమె సీసాను చూసింది, నన్ను చూసింది. నోరు ఎండిపోయినా మాట స్పష్టంగా ఉంది.

"దీదీ, ఈ సీసాలకు లేబుల్ అతికించే లైన్‌లోనే నా పని. లోపల ఏముందో లేబుల్ మీద రాసుంటది. దాదాపు అంతా నీళ్లే."

చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. సరుకు తయారయ్యే చోటు నుంచి వచ్చిన మనిషికే ఆ సరుకు ఇంకోటని అమ్మబోయాను. మా దుకాణం మొత్తం చరిత్రలో అంత తెలివితక్కువ బేరం ఎవరూ చేసి ఉండరు.

స్పృహలో ఉన్న రోగి వద్దంటే బలవంతంగా సూది గుచ్చకూడదు. డాక్టరమ్మ కేస్ షీట్ తీసుకుని, వైద్యం నిరాకరిస్తున్నట్టు సంతకం తీసుకోండి, సిటీకి రిఫర్ రాస్తానంది. డాక్టరమ్మ చిన్నపిల్లేమీ కాదు, నిబంధన ప్రకారం ఆమె చెప్పిందే సరి. కానీ ఆ ట్రాఫిక్‌లో సిటీకి చేరేసరికి గంటన్నర.

"మేడం, జెర ఆగుండ్రి," అన్నాను. "లైన్ లేకుంట అంబులెన్స్ ఎక్కిస్తే నడుమల మనమేం జేస్తం?"

ఆమె గడియారం చూసి ఇరవై నిమిషాలిచ్చింది.

సునీత మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను. తర్వాత చిన్న బేరం పెట్టాను: సూది గుచ్చి, రక్తం తీసి, మూత పెట్టేస్తాను, చుక్క కూడా లోపలికి పంపను. మామూలుగా కాన్యులా, అంటే నరంలో ఉంచే సన్న గొట్టం, పెట్టగానే కాస్త సెలైన్‌తో కడుగుతాం, లేకపోతే గడ్డకడుతుంది. అదీ చేయనని చెప్పి, ఆ కడిగే సిరంజి కవరు విప్పకుండా ఆమె కళ్లముందే ట్రేలో పెట్టాను. ఆమె ఆ సిరంజిని చూసి ఎడమ చేయి చాచింది.

అప్పుడు మొదటే అడగాల్సింది అడిగాను. మీ ఊళ్లో వ్రతం పట్టిన మనిషికి జబ్బు చేస్తే ఏం చేస్తారు?

రాంజీ తలుపు బయట నుంచే జవాబు చెప్పాడు. వాళ్లు కిరాయికుండే గల్లీలో ఫూల్‌మతి చాచి అని అందరూ పిన్నిలా పిలిచే పెద్దావిడ ఉంది, చాలా ఏళ్లుగా ఈ వ్రతం చేస్తోంది, అలాంటి వ్రతమనిషి ఎవరైనా ఇంకొకరి నైవేద్యం చేట తీసుకుని వాళ్ల పేరున అర్ఘ్యం ఇవ్వవచ్చు. అయితే ఆమె చెరువు దగ్గరుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వ్రతంలో ఉండగా పురుళ్లు జరిగే చోట ఫూల్‌మతి అడుగుపెట్టదు.

యాదమ్మ నొసలు చిట్లించింది. "గదేం మడి? గామె పుట్టలేదా పురిట్ల?"

నాకూ అదే అనాలనిపించింది. అనలేదు. ఫూల్‌మతినీ చేటనూ గేటుదాకా తెమ్మని రాంజీని ఆటోలో పంపి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. రోగిని స్ట్రెచర్ మీద పోర్టికోదాకా తీసుకెళ్లాలి అన్నాను. ఆ బీపీతోనా అంది. స్ట్రెచర్ తలవైపు దించి, ఆక్సిజన్ పెట్టి తీసుకెళతాం, డాప్లర్ నా చేతిలోనే ఉంటుంది, షీట్‌లో టైమూ కారణమూ రాసి నేనే సంతకం పెడతాను అన్నాను. ఏదైనా అయితే ఆ సంతకం మీద నా ఉద్యోగం పోతుందని ఇద్దరికీ తెలుసు. ఆటో వచ్చేదాకా గడువు పెంచి, ఆమె ఒక్క మాట చేర్చింది: బిడ్డ గుండె నూట పదికి తగ్గితే ఎక్కడున్నా వెనక్కి.

ఆటో వచ్చేసరికి నాలుగు కావస్తోంది. బిడ్డ గుండె నూట ఎనభై రెండు. కడుపు పది నిమిషాలకోసారి బిగుస్తోంది. ఫూల్‌మతి అరవై ఏళ్ల మనిషి, ముక్కు నుంచి పాపిటదాకా సింధూరం, పెదవులు పగిలి ఉన్నాయి. ఆమెకూ నిన్న రాత్రి నుంచి నీళ్లు లేవు. గేటు లోపల, మెట్ల కింద ఆగిపోయింది. మేము స్ట్రెచర్‌ను ర్యాంపు చివరిదాకా తోశాం. రాంజీ చేతిలో వెదురు చేట, అందులో కొబ్బరికాయ, చెరుకు ముక్కలు, పిండివంటలు.

కడుపుతో ఉండి ఎవర్నడిగి పట్టావే అని ఫూల్‌మతి ముందు తిట్టింది. సునీత ఏడవడానికి చూసింది, కన్నీళ్లు రాలేదు. తర్వాత ఫూల్‌మతి, సునీత చేతికున్న సూదిని చూసి ఆగింది.

"నీళ్లు లోపలికి పోయాయా? తెగిన వ్రతాన్ని నేను తీసుకోలేను. తెగనిదైతేనే."

సునీత నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"పోలేదు చాచీ. ఈ దీదీ మొదట అబద్ధమాడింది. తర్వాత మాట మీద నిలబడింది."

ఫూల్‌మతి రెండు చేతులూ చాచింది. సునీత చేట అంచు తాకింది, రాంజీ చేటను ఆమె చేతుల్లో పెట్టాడు. అంతే. అర్ఘ్యం అయ్యాక ఎక్కించండి అని సునీత గొణిగింది. ఇప్పుడు వ్రతం నాది, నువ్వు ఇక కడుపుతో ఉన్న మనిషివి మాత్రమే, చెప్పింది విను అని ఫూల్‌మతి కసిరి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

అక్కడే సీసా తగిలించాను. చుక్క దిగలేదు. అనుకున్నట్టే కాన్యులా గడ్డకట్టింది. ఇచ్చిన మాటకు అది కూడా ఒప్పుకున్న నష్టమే. కుడిచేతిలో నరాలు అణిగిపోయి దొరకలేదు. మొదటి గుచ్చు తప్పింది. రెండోది మోచేతి మడతలో దొరికింది. రెండో సీసా సగమయ్యేసరికి బీపీ నూరుకు వచ్చింది, బిడ్డ గుండె నూట నలభై ఎనిమిది. కిటికీలో వెలుగు తగ్గుతుంటే సునీత పడుకునే చేతులు జోడించింది. తర్వాత గ్లాసు అడిగింది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు డ్యూటీ నాది కాదు, రిజిస్టరులో చూసి తెలుసుకున్నాను.

నా మొదటి అబద్ధం పారి ఉంటే ఏమయ్యేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ప్రాణం నిలిచేది. కానీ తిరిగి పనికి వెళ్లిన మొదటి రోజే లైన్‌లో లేబుల్ చూసి, వ్రతం తెగిందని ఆమెకు తెలిసేది, దాన్ని తీసుకోవడానికి ఎవరూ మిగిలేవారు కారు. మళ్లీ ఆ గల్లీ నుంచి ఎవరూ మా ఆసుపత్రి మెట్లెక్కేవారు కారు.

ఆ వారమే అడ్మిషన్ షీట్ అడుగున రెండు ప్రశ్నలు చేర్పించాను. ఉపవాసం, మొక్కు ఏమైనా ఉందా? అందులో ఎవరి మాట చెల్లుతుంది? మా ఊరివాళ్లనైనా, ఒడిశావాళ్లనైనా అవే అడగమన్నాను. పనిభారమని స్టాఫ్ నర్సులు గొణిగారు. రిటైరయ్యేదాకా నేను బేరాలు మానలేదు. దుకాణంలో సరుకు ఎవరిదో, ఎవరి మాట చెల్లుతుందో అడగకుండా ధర మాట్లాడరన్న సంగతి మాత్రం ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు వార్డులో నేర్చుకున్నాను.