తలకిందులైనా పడని రెక్క

నేత్రావతి చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో గొర్రెలు ఉండేవి. బడి లేని రోజుల్లో తల్లి కరియమ్మ వెంట నిడుగల్లు కొండ కిందికి మేపడానికి పోయేది. ఎండలు ముదరకముందు మగ పాలపిట్ట ఆడపిట్ట కోసం చేసే హంగామా చూడడమంటే ఆమెకు మహా ఇష్టం. అది అరుచుకుంటూ నిట్టనిలువునా పైకి పోయేది. అక్కణ్ణించి అటూ ఇటూ దొర్లుతూ కిందికి దూకేది. ఆ దొర్లడంలో ఒక్క క్షణం పొట్ట ఆకాశం వైపు, వీపు నేల వైపు ఉండేవి.

"అమ్మా, తలకిందులైతే పడిపోవల్ల కదా, ఎందుకు పడల్యా?" అని అడిగింది ఒకసారి.

"అది పిట్ట కదమ్మే. ఎట్ల పోవల్లో దానికి తెలీదా?" అని కరియమ్మ గొర్రెల్ని అదిలిస్తూ ముందుకు పోయింది.

పదో తరగతి అయ్యాక నేత్రావతి బెంగళూరు పోయి గార్మెంట్స్‌లో చేరింది. యలహంకలో నలుగురు ఆడపిల్లలు కలిసి ఒక గదిలో ఉండేవాళ్లు. ఒక ఫిబ్రవరిలో విమానాల ప్రదర్శన జరుగుతోంది. ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే చెవులు పగిలేంత మోతతో ఒక చిన్న విమానం వచ్చి, వాళ్ల తల మీదనే తిరగబడింది. పిట్టలాగా ఒక్క క్షణం కాదు, అట్లాగే వెల్లకిలా సాగిపోయింది. ఆమె చేతిలోని తడి చుడీదారు నీళ్లు కారుస్తూనే ఉంది.

ఇంటి ఓనరు ఈశ్వరప్ప పక్కనే నిలబడి చూస్తున్నాడు. "స్పీడమ్మా, స్పీడు. స్పీడుంటే ఏదైనా నిలబడతాది," అన్నాడు.

ఆ జవాబు ఆమెకు సరిపోలేదు. విసిరిన రాయికీ వేగం ఉంటుంది. అయినా పడుతుంది. పైగా రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టే విమానం లేస్తుందని బడిలో చెప్పారు. తిరగబడితే ఆ వంపు కిందికి పోతుంది కదా! మరి కిందికి లాగాలి. కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు కూడా ఈ చిక్కు ఆమెను వదిలేది కాదు. పక్క మిషను అమ్మాయికి చెబితే నవ్వింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

వాళ్ల ఊరి వైపు, పావగడ దగ్గర సోలార్ పార్కు వచ్చాక, ఆ పక్కనే ఉన్న తిరుమణి ఊరికి చెందిన ఉమేశ్‌తో పెళ్లయింది. అతను పార్కులో ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. నేత్రావతి కూడా అక్కడే పనికి కుదిరింది. కడగడం, గడ్డి కోయడం, పగిలిన ప్యానెల్ ఉంటే కొత్తది మోసుకెళ్లి అందించడం ఆమె పని.

పోయిన ఆషాఢంలో గాలి విరుచుకుపడుతున్న ఒక మధ్యాహ్నం, ఆమే, సింధుశ్రీ అనే మరో పనమ్మాయీ ఒక ప్యానెల్‌ను చెరో కొస పట్టుకుని పోతున్నారు. ముందు నడుస్తున్న నేత్రావతి గట్టు ఎక్కుతూ తన కొసను కాస్త పైకెత్తింది. ఎదురుగాలి కొట్టింది. అంత బరువు పలక ఉన్నట్టుండి తేలికైపోయింది. సింధుశ్రీ చేతుల్లోంచి జారింది. నేత్రావతి వదల్లేదు. కాళ్లు నేల మీద ఆనడం లేదని తెలిసేలోపే పక్కకు విసిరేసినట్టు పడింది. అద్దం తునకలైంది. కుడి మణికట్టు విరిగింది.

పావగడలో కట్టు వేయించుకుని ఇంటి పట్టున ఉన్న రోజుల్లో, సైట్ ఇంజనీరు యశ్ పలకరించడానికి వచ్చాడు. మధుగిరి దగ్గరి పిల్లవాడు, ఉద్యోగంలో కొత్త.

"అది రెక్క కాదు, పాడు కాదు, బల్లపరుపు అద్దం. ఎట్ల లేసింది సార్?" అని అడిగింది నేత్రావతి.

యశ్ చుట్టూ చూసి, గోడకు తగిలించిన ఆమె ఎక్స్‌రే ఫిల్మును తీసుకున్నాడు. గడపలో గాలికి ఎదురుగా, బల్లపరుపుగా పట్టాడు. ముందంచు కొంచెం ఎత్తగానే ఫిల్ము చేతిలో పైకి తన్నింది. అంచు దించితే కిందికి వంగింది.

"గాలి కిందికి మళ్లుతాది అక్కా. గాలిని కిందికి నెట్టినందుకు ఫిల్మును గాలి పైకి నెడతాది. ఎత్తిన అంచులోనే ఉండాది కత."

నేత్రావతి ఎడమ చేత్తో ఫిల్మును లాక్కుంది. పైది కిందికి తిప్పింది. ముందంచు ఎత్తింది. అదీ పైకే లేచింది. మళ్లీ తిప్పింది. మళ్లీ లేచింది.

"సార్... అంటే విమానం తిరగబడినా ముక్కు ఎత్తుకోనే పోతాదా?"

యశ్ తల పంకించాడు. "అంతే అక్కా. వంపు రెక్క అయితే ఇంకా ఎక్కువ ఎత్తల్ల. ఆ ఆటలాడే విమానాలకైతే రెక్కలు రెండు పక్కలా ఒకే మాదిరి చేస్తారంట."

"మరి పాలపిట్ట?"

"అది తలకిందులుగా ఉండిపోదు అక్కా. దిగే ఊపులో అట్ల దొర్లి తిరుక్కుంటాది."

ఇన్నేళ్లుగా ఆమె లోపల ముడులు పడిన దారమేదో ఒక్క కొస లాగగానే విడిపోయినట్టనిపించింది. సంతోషమే, కానీ వెలితి కూడా. ఈ మాట చెబితే అడ్డంగా వాదించడానికి యలహంక మేడ మీది ఈశ్వరప్ప ఇక్కడ లేడు కదా అనుకుంది.

చేయి కుదురుకున్నాక మళ్లీ పనిలోకి పోయింది. గాలి ఎక్కువున్న పూట పలకలు మోయకూడదని యశ్ పైవాళ్లను ఒప్పించాడు. ఒక రోజు భోజనాల వేళ నేత్రావతి క్యారియరు మూత తీస్తూ అతన్ని పిలిచింది.

"సార్, ఇంగొకటి. విమానం తలకిందులైతే ట్యాంకులో పెట్రోలు కూడా తలకిందులే కదా. ఇంజనుకు ఎట్ల పోతాది?"

యశ్ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "అది నేను చూసుకోని రావల్ల అక్కా," అన్నాడు నవ్వుతూ.

"చూసుకోని రాండి. నేను యాడికి పోతాను," అని ఆమె సంగటి ముద్ద తుంచుకుంది.