ఓదెమ్మ గోడ మీద పది గీతలు

కుక్క తినడం అయిపోయాక కూడా గిన్నెను నాకుతూనే ఉంటుంది. గిన్నె సిమెంటు నేల మీద కొంచెం కొంచెంగా జరుగుతూ గోడ దాకా పోతుంది. గోడకు తగిలాక చప్పుడు ఆగుతుంది. పోయిన నెల గోదావరిఖనిలో కొత్తగా తెరిచిన కుక్కల హాస్టల్ గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నాను. లోపల ఎక్కడో ఎముకలు వేసి నూకలు ఉడికిస్తున్న వాసన. కంటి ఆపరేషన్ కోసం నేను కరీంనగర్‌లో నాలుగు రోజులు ఉండాలి. ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ నా కుక్క సోమీ. సోమవారం నాడు నా గేటు ముందుకు వచ్చింది కాబట్టి దానికి ఆ పేరు పెట్టాను. పొద్దున తాళం వేస్తుంటే పక్కింటామె నవ్వింది. "ముసలామెకు కుక్కొకటి, కుక్కకు హాస్టలొకటి!" నాకు కోపం రాలేదు. యాభై ఎనిమిదేళ్ల కింద, 1967లో, ఇదే ఊళ్లో ఇదే నవ్వు చాలాసార్లు విన్నాను. రెండు మూడుసార్లు నేనూ నవ్వాను.

కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి నా ముందు ఒక కాగితం పెట్టింది. కుక్క పేరు, వయసు, ఏం తింటుంది, ఎప్పుడు తీసుకుపోతారు. అన్నింటికన్నా కింద, "మేము జాగ్రత్త పడవలసినవి" అని ఒక ఖాళీ గడి. అక్కడ నా పెన్ను ఆగిపోయింది. అలాంటి గడిని నేను పందొమ్మిదేళ్ల వయసులో ఒక నోటుబుక్కులో స్కేలు పెట్టి గీశాను. గీయించిన మనిషి పేరు ఓదెమ్మ. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో నేను తప్ప ఉన్నారని అనుకోను.

నేను పెద్దపల్లి దగ్గరి పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, పెళ్లయి గోదావరిఖని కాలనీకి వచ్చాను. మా ఆయన లింగయ్య గనిలో బొగ్గు నింపేవాడు. వారానికో షిఫ్టు. రాత్రి షిఫ్టు వారమైతే పగలంతా పడుకునేవాడు, నేను గిన్నె కూడా చప్పుడు కాకుండా దించాలి. అమ్మగారింట్లో పదిమంది మధ్య పెరిగినదాన్ని. ఒకరోజు ఏం తోచక లెక్కపెట్టాను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నేను మాట్లాడినవి పదకొండు మాటలు. అందులో నాలుగు నల్లా దగ్గర, బిందె జరపమని.

మా లైనులో పన్నెండు క్వార్టర్లు. చివరి క్వార్టరు దాటి, కాలువ అవతల, గనిలో పనికిరాకుండా పోయిన కర్రలతో కట్టిన దడి ఉండేది. దడి లోపల రేకుల ఇల్లు. ఓదెమ్మది అదే. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త గనిలో చనిపోయాక క్వార్టరు ఖాళీ చేసి అక్కడ ఆ రేకులు వేసుకుంది. ఒక ఆఫీసరు బంగళాలో పాచిపని చేసేది. ఆయన సెలవు మీద ఊరికి పోతూ తన కుక్కను ఆమె దగ్గర వదిలిపోయాడు. తిరిగొచ్చేసరికి కుక్క కాస్త ఒళ్లు చేసిందట. ఆ మాట మరో ఇద్దరికి చేరింది. అలా ఓదెమ్మ ఊరికి పోయేవాళ్ల కుక్కల్ని చూసుకునే మనిషి అయింది.

కాలనీ ఆమెను క్షమించలేదు. "మనుషులకు క్వార్టర్లు దొరుకుతలెవ్వు, కుక్కలకు సత్రం దొరికింది," అనేవాళ్లు నల్లా దగ్గర. ఆమె బిందె పెడితే ముందూ వెనకా బిందెలు ఒక జానెడు జరిగేవి. మా లైనులో నర్సయ్య అని గనిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసే మనిషి ఉండేవాడు. ఆయన మాటలు అందరికన్నా గట్టిగా ఉండేవి. "ఓదెమ్మా, నీ సుట్టాలు మంచిగున్నరా? కోడికూర వండినవా?" అని దారిలో అరిచేవాడు. అదే నర్సయ్య కుటుంబంతో జాతరకు పోయేటప్పుడు, మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగకముందే, తన నల్లకుక్కను తాడుతో పట్టుకుని కాలువ దాటడం నేను కిటికీలోంచి చూశాను. అందరూ ఆ వేళలోనే తెచ్చేవారు. కుక్కను వదిలిపోవడం సిగ్గు, వదిలిపోయే చోటు ఉండడం ఇంకా సిగ్గు అన్నట్టుండేది.

ఓదెమ్మే నన్ను పిలిచింది. నేను దడి పక్కన ఊరికే నిలబడి ఉంటే, "సదువుకున్న పిల్లవట గదా, ఒక పుస్తకం రాసిపెడ్తవా బిడ్డా?" అంది. ఆమెకు చదువు రాదు. ఒక్కో కుక్కకు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకునేది, రోజుకొకటి. కుక్కలు ఎక్కువయ్యాక గోడ చాలడం లేదు.

"కుక్కలకు పుస్తకమెందుకవ్వా?" అన్నాను నవ్వుతూ.

"మనిషైతే నాకు గిది పడదు, గది పడదు అని చెప్తడు. ఇవి చెప్పలెవ్వు. చెప్పేటోడేమో లీవు మీద పాయె. రాసి పెట్టుకోకుంటె నాకెట్ల తెలుస్తది?"

ఆరు గడులు గీశాను. పేరు, ఎవరిది, వచ్చిన రోజు, పోయే రోజు, తిండి, చివరిది "చెయ్యకూడనివి". కుక్కను తెచ్చినవాళ్లు ఈ ఆరింటికీ జవాబు చెప్పేదాకా ఆమె తాడు అందుకునేది కాదు. మొదటి రోజు నేను ఒక కుక్క తిండి వేళ "సాయంత్రం" అని రాసి చదివి వినిపించాను. "సాయంత్రమంటె ఎప్పుడు? సైరన్‌కు ముందటనా, ఎనుకనా?" అని అడిగింది. ఏదైతేనేం అన్నాను. "నీకేం గాదు. అది సైరన్ ఇనంగనే గిన్నె కోసం సూస్తది. రాస్తె ఉన్నదున్నట్టు రాయి బిడ్డా. లేకుంటె రాయనే వద్దు." కొట్టేసి మళ్లీ రాశాను. తర్వాత ఒక బడి ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు రిజిస్టర్లు రాశాను. అందులో ఏ ఒక్క రోజూ సైరన్ మాట గుర్తురాకుండా గడవలేదు.

ఆ ఎండాకాలంలో మోతి వచ్చింది. సర్వే ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇరవై రోజులు సొంతూరికి పోతూ వదిలిపోయాడు. గోధుమరంగు కుక్క, ముందు కాలు ఒకటి తెలుపు. "అన్నిట్ల మంచిగనే ఉంటది గనీ తినేటప్పుడు ముట్టొద్దు. పిల్లప్పుడు ఆకలికి మాడింది, గిన్నె గుంజుకుంటరని దానికి భయం," అని చెప్పాడు. చివరి గడిలో నా చేత్తో రాశాను: తినేటప్పుడు ముట్టొద్దు.

మోతి మూడో రోజునుంచే నా అడుగుల చప్పుడు గుర్తుపట్టేది. దడి దగ్గరికి వచ్చి నిలబడేది. కూర్చుంటే తల నా ఒళ్లో పెట్టేది. నా కోసం ఎదురుచూసే ప్రాణి ఆ ఊళ్లో అదొక్కటే. ఓదెమ్మ దగ్గరికి పోవడం మా ఆయనకు ఇష్టం లేదు. ఆయన నిద్రపోయాక పోయేదాన్ని.

ఒక మంగళవారం పోయేసరికి ఓదెమ్మ నీళ్లకు పోయి ఉంది. మోతి జావ తింటోంది. ఆ నియమం బయటివాళ్లకు, నాకు కాదు అనుకున్నాను. నా చేత్తో కలిపి తినిపించాలనిపించింది. గిన్నెలో చెయ్యి పెట్టాను. కుడి బొటనవేలు కింద రెండు పళ్లు దిగాయి. వెంటనే వదిలేసింది. వదిలి, తోక ముడుచుకుని, తిండి కూడా మానేసి గోడకు ఆనుకుని నా వైపు చూసింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన లేచి ఉన్నాడు. చీరకొంగు నిండా రక్తం. "ఏమైందే?" అన్నాడు. "కుక్క." "ఎట్ల?" చెప్పకుండా పోయానని చెప్పాలి. గిన్నెలో చెయ్యి పెట్టానని చెప్పాలి. "దడి పక్కపొంటి పోతుంటె ఉరికొచ్చి కరిచింది," అన్నాను.

దవాఖానలో డాక్టరు గాయాన్ని సబ్బుతో చాలాసేపు కడిగించి, బొడ్డు చుట్టూ వేసే సూదుల్లో మొదటిది అదే రోజు వేశాడు. పద్నాలుగు రోజులు, రోజుకొకటి అన్నాడు. "కుక్కను మాత్రం చంపకండి. కట్టేసి చూడండి. పది రోజులు అది బాగుంటే సూదులు ఆపేద్దాం. చంపేస్తే దానికి పిచ్చి ఉందో లేదో ఎవరం చెప్పలేం." మా ఆయన విన్నాడు. కానీ లైనులోకి వచ్చేసరికి జనం ముందే గుమిగూడి ఉన్నారు. నర్సయ్య చేతిలో కర్ర.

అందరూ కాలువ దాటారు. ఓదెమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. ఆమె తల పైన మేకుకు నోటుబుక్కు వేలాడుతోంది.

"పిచ్చికుక్కల సత్రం పెట్టినవు. ఇయ్యాల ఈ పిల్ల, రేపు మా పిల్లలు. జరుగు!" అన్నాడు నర్సయ్య.

"ఎట్ల కరిచిందో ఆ పిల్లనే చెప్పనీ," అంది ఓదెమ్మ.

అందరూ నన్ను చూశారు. "ఉరికొచ్చి కరిచింది," అన్నాను మళ్లీ.

ఓదెమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. ఆమె తిరిగొచ్చేసరికి గిన్నె తిరగబడి, జావలో నా చేతి గాజు ముక్క పడి ఉందని నాకు తర్వాత తెలిసింది. చెయ్యి పైకెత్తి ఆ పుస్తకం అందుకుంటే చాలు. చదవగలిగినవాళ్లు ఆ గుంపులో నలుగురైనా ఉన్నారు. ఆమె చెయ్యి ఎత్తలేదు.

"అయితె గొలుసు ఊడి ఉంటది. తప్పు నాదే. పది దినాలియ్యుండ్రి. నా ఇంట్లనే, నాతోనే కట్టేసుకుంట. దానికి పిచ్చుంటె ముందుగాల నన్నే కరుస్తది గదా. మీకేం ఫికరు?"

డాక్టరు మాట మా ఆయన కూడా చెప్పాడు. కర్ర కిందికి దిగింది. ఆ సాయంత్రానికే మిగతా కుక్కలవాళ్ల చుట్టాలో పక్కింటివాళ్లో వచ్చి వాటిని తీసుకుపోయారు. ఈసారి వెలుతురులోనే, అందరూ చూస్తుండగానే.

రోజూ సూదికి పోతూ దడికి దూరంగా ఆగేదాన్ని. ఓదెమ్మ తలుపు తెరిచి, గొలుసుతో ఉన్న మోతి ముందు నీళ్లు పెట్టేది. "సూడు బిడ్డా, తాగుతున్నది. నీకేంగాదు, పో." నేను చూశాకే గోడ మీద ఒక గీత పెట్టేది. ఐదో రోజు మోతి ఏమీ తినలేదు. "ఎండకు గట్లుంటది," అంది గాని ఆమె గొంతు మామూలుగా లేదు. ఆ రోజు ఇంట్లో కూర్చుని, నేను చస్తే నిజం నాతోనే పోతుందని భయపడ్డాను. బతికితే చెప్పాల్సొస్తుందని కూడా భయపడ్డాను. రెండింట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆరో రోజు మోతి గిన్నె ఖాళీ చేసింది. నల్లా దగ్గర ఓదెమ్మను రానివ్వడం లేదు. ఆ పది రోజులూ ఆమె పొద్దున్నే ఎక్కడికి పోయి నీళ్లు తెచ్చిందో నేను అడగలేదు.

గురువారం నేనే అన్నాను, "అవ్వా, పదయినయ్."

"కరిచిన దినం లెక్కల పట్టుకోవద్దు. రేపటికి పది," అంది. ఇంకొక్క రోజు ఆ నీళ్ల కష్టం ఆమెకే. అయినా తగ్గించుకోలేదు.

శుక్రవారం పదో గీత పడింది. మోతి బాగుంది. డాక్టరు సూదులు ఆపేశాడు. కాలనీ మాత్రం మనసు మార్చుకోలేదు. కుక్కకు పిచ్చి లేదని తేలినా, సత్రం ఉండకూడదన్నారు. సర్వే ఆఫీసాయన వచ్చి మోతిని తీసుకుపోయాడు. ఆయన కూడా ఓదెమ్మతో మాట్లాడలేదు. మళ్లీ ఎవరూ కుక్కను తేలేదు. నెల తిరక్కముందే ఆమె పెద్దపల్లి అవతల తమ్ముడి ఊరికి బయలుదేరింది. బస్సు దగ్గరికి పోయింది నేనొక్కదాన్నే.

మూటలోంచి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. "నీ రాత నీ దగ్గర్నే ఉండనీ."

"ఆ రోజు ఎందుకు చూపియ్యలేదవ్వా?"

"సూపిస్తె నిన్ను కొడుదురు. నా మీదైతె ఒర్లుదురు, గంతే. నువ్వు ఈడ బతకాలె బిడ్డా. నేను యాడికైన పోత." బస్సెక్కి కిటికీలోంచి, "చెయ్యి మానిందా?" అని అడిగింది. మానింది అన్నాను. క్షమించమని అడగడానికి బస్సు కదిలేదాకా టైము ఉంది. అడగలేదు.

ఏడేళ్లకు, 1974లో, ఆమెను వెతుక్కుంటూ ఆ ఊరికి పోయాను. తమ్ముడి భార్య చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "కుక్కలామెనా? పోయిన వానకాలమే పాయె," అంది. తిరుగు బస్సులో మా ఆయనకు ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. చెప్పాను కూడా. "ఎప్పటి ముచ్చటో," అని అటు తిరిగి పడుకున్నాడు. నర్సయ్య అప్పటికే బదిలీ మీద శ్రీరాంపూర్ పోయాడు. నేను నిజం చెప్పాల్సినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి ఎవరూ మిగల్లేదు.

హాస్టల్‌లో ఆ ఖాళీ గడిలో నెమ్మదిగా రాశాను. కన్ను సరిగా కనిపించడం లేదు కాబట్టి అక్షరాలు పెద్దగా వచ్చాయి. కింద సంతకం, రోజు, వేళ వేశాను.

అమ్మాయి కాగితం చూసి కంగారు పడింది. "ఇది కరుస్తదా అమ్మమ్మా?"

"ఇది ఇప్పటిదాకా ఎవరినీ కరవలేదమ్మా."

"మరి గిట్ల రాసిన్రు?"

"ఉన్నదున్నట్టు రాశాను. లోపల వండే ఆమెకు చదివి వినిపించు."

అమ్మాయి లోపలికి తిరిగి, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చదివింది. "తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టకండి. పెడితే ఏ కుక్కైనా కరుస్తుంది. అప్పుడు తప్పు కుక్కది కాదు, చూసుకునే మనిషిదీ కాదు. చెయ్యి పెట్టినవాళ్లది."

"సరే!" అని లోపలినుంచి ఒక ఆడగొంతు పలికింది. ఎక్కడో గిన్నె గోడకు తగిలి ఆగింది. సోమి తాడు అమ్మాయి చేతికి ఇచ్చి, కుడిచెయ్యి కొంగులో పెట్టుకుని, బస్‌స్టాండుకు నడిచాను.