పానకం దగ్గర ఆగిన పందెం

ఆ రోజుల్లో మా ఇంటికి వార్తలు పాలతోపాటు వచ్చేవి. సైకిల్ పందెం కబురు మొదట మోసుకొచ్చింది కూడా పాలక్కే. దుమ్ముగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి అంచున, సరిగ్గా మలుపులో ఉండేది మా ఇల్లు. గిన్నెలో పాలు పోసి, నురగ తగ్గేదాకా నిలబడి (నురగ తగ్గితే గాని మా అమ్మ ఆమెను కదలనిచ్చేది కాదు) పాలక్క అన్నది: "ఎరుకేనా చెల్లె, నవమికి ముందు సైకిళ్ళ పందెమంట. మణుగూరు బొగ్గుబాయిల నుంచి గూడ వస్తుండ్రంట. మీ ఇంటి ముంగట్నుంచే పోతరు!"

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. అప్పటికి నేను చూసిన పందేలంటే, సంతకు పోయే కిరాయి సైకిళ్ళు ఒకదాన్నొకటి దాటుకోవడమే. గేటెక్కి కూర్చుని, ఎవరు ముందు మలుపు తిరుగుతారో నాలో నేనే అనుకుని, గెలిచినవాళ్ళకు చప్పట్లు కొట్టేదాన్ని. ఒకసారి అట్లా గెలిచినాయన ఎవరో పిలిచారనుకుని సైకిల్ దిగి వచ్చి, "ఏం బిడ్డా, ఏం గావాలె?" అని అడిగాడు. లోపలికి ఉరికి మంచినీళ్ళు తెచ్చిచ్చి పంపించాను.

ఈసారి పందెంలో మా బాబాయి ఉన్నాడు. బడి వాగు అవతల ఉండడంతో నన్ను పంపలేదు. నాకు అక్షరాలు దిద్దించింది, ఎక్కాలు చెప్పించింది బాబాయే. శనివారం శనివారం సైకిల్ మీద భద్రాచలం పోయి లైబ్రరీ నుంచి నాకు పుస్తకం తెచ్చేవాడు. (ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ సైకిల్ పుణ్యమే. దేవుడు కొందరికి వాహనం రూపంలో కూడా కనిపిస్తాడు.) మా నాన్నకు మాత్రం ఆ సైకిల్ అంటే మంట. మిరపతోటకు నీళ్ళు కట్టే వేళకు తమ్ముడు దాని మీదే ఉంటాడని. పందెం సంగతి విని నాన్న ఒక్కటే మాట అన్నాడు: "గెలిస్తే సైకిల్ ఉంటది. ఓడితే వేంసూరు బావకు ఇచ్చేస్త. ఆయన ఎప్పటిసంది అడుగుతుండు."

ఆ మాటకు అందరికన్నా ఎక్కువ బెంగ పెట్టుకున్నది నేనే. ఎందుకంటే అప్పుడు నా చేతిలో ఉన్నది ఒక పెద్ద నవల మొదటి భాగం. చివరి పేజీలో నాయిక ఎక్కిన పడవ గోదావరి నడిమధ్య తిరగబడింది. రెండో భాగం లైబ్రరీలో ఉంది. సైకిల్ వేంసూరు పోతే ఆ పిల్ల జన్మంతా నీళ్ళలోనే ఉండిపోతుంది.

ఇక మా నాయనమ్మ సంగతి చెప్పాలి. రాములవారి కల్యాణానికి పసుపు బట్టలు కట్టుకుని నడిచిపోయే భక్తులను మా గుమ్మం ముందు ఆపి, కాళ్ళు కడిగి, పానకం ఇవ్వడం ఆమె నియమం. నవమి రోజుల్లో ఆ తొవ్వన ఎవరూ పొడికాళ్ళతో పోకూడదు. చూపు కొంచెం మసక. పసుపు రంగు కనిపిస్తే చాలు, బిందె ఎత్తేది. పందేనికి ముందురోజు తెలిసిన విషయం ఏమిటంటే, పందెగాళ్ళను గుర్తుపట్టడానికి పందెం నడిపే యువజన సంఘం వాళ్ళు బనియన్లన్నీ పసుపునీళ్ళలో ముంచి ఇచ్చారు.

"నాయనమ్మా, రేపొచ్చేది భక్తులు కాదే, పందెమోళ్ళు" అని చెప్పి చూశాను.

"యాడికి పోతున్నరు?"

"భద్రాచలం."

"మరింకేంది?" అని బెల్లం దంచుకోవడం మొదలుపెట్టింది.

ఆ పొద్దున నేను గేటెక్కి నిలబడ్డాను. నోట్లో రామనామం, కళ్ళు మలుపు మీద. ఎర్రదుమ్ము లేచింది. దుమ్ములోంచి ఒక్క సైకిల్ బయటికొచ్చింది. బాబాయి! వెనక దూరంగా మిగతావాళ్ళు. ఈలోగా నాయనమ్మ బిందె పట్టుకుని రోడ్డు నడిమధ్యకు పోయి నిలబడింది. ఒక పక్క అడవి, ఒక పక్క కాలువ. తప్పించుకుని పోయే దారి లేదు. బాబాయి బ్రేకు మీద బ్రేకు వేసి ఆమె ముందు ఆగాడు. ఆమె వంగి కాళ్ళ మీద నీళ్ళు పోయబోయింది.

"అమ్మా, నేనే! నువ్వు నా కాళ్ళు కడుగుడేందే!"

"నువ్వా? ఇంటోనివి, నీకెందుకు? పో, పో. అడ్డం నిలబడకు, ఎనక చుట్టాలొస్తుండ్రు."

అంటే పందెం మొత్తంలో దారి దొరికింది మా బాబాయి ఒక్కడికే! మిగతావాళ్ళు వచ్చి ఆమె ముందు ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. ఒకాయన పక్కనుంచి దూరబోతే వెనకాయన గదమాయించాడు: "అవ్వను దాటిపోకురా, రెండు టైర్లు పంక్చరైతయి!" అందరూ బుద్ధిగా చెప్పులు విడిచారు.

నేను గేటు మీద నుంచి అరుస్తున్నాను. "పో బాబాయ్! పో!" ముందు రోడ్డంతా ఖాళీ. నాయిక మునుగుతోంది. బాబాయి పెడలు మీద కాలు పెట్టాడు. ముందుకు చూశాడు. వెనక్కి చూశాడు. నాయనమ్మ నిండు బిందె ఎత్తలేక నడుం పట్టుకుని వంగి ఉంది. ఆయన సైకిల్ దిగి, చెట్టుకు ఆనించి, బిందె అందుకున్నాడు. ఒక్కొక్కరి కాళ్ళ మీద తనే నీళ్ళు పోశాడు. గ్లాసులు చాలకపోతే చివరాయనకు రాగిచెంబుతోనే పానకం ఇచ్చాడు. అందరూ తాగాక, అందరితో కలిసి మళ్ళీ ఎక్కాడు. నేను గేటు దిగి, అమ్మ కొంగులో ముఖం పెట్టుకున్నాను.

బాబాయి మూడోవాడిగా వచ్చాడు. నాన్న కారణం అడగలేదు, బాబాయి చెప్పలేదు. చెప్పబోయిన నన్ను కళ్ళతోనే ఆపాడు.

"రేపు బావ వస్తడు. సైకిల్ తుడిచిపెట్టు" అన్నాడు నాన్న.

బాబాయి గుడ్డ తీసుకుని వాకిట్లో కూర్చుని చువ్వ చువ్వ తుడవసాగాడు. పొద్దు వాలుతుండగా గంట వినిపించింది. ఎవరో పొడుగాటి మనిషి. కళ్ళ అంచుల్లో కాటుక పెట్టినట్టు బొగ్గు. వెనక క్యారియరు మీద గెలిచిన గోడగడియారం. హ్యాండిలుకు మా రాగిచెంబు.

"అవ్వా, తొందరల నీ చెంబు నాతోనే వచ్చింది."

"దర్శనమైందా కొడుకా?"

ఆయన తల గోక్కున్నాడు. "పందెమైనంక ఇంటికే పోదామనుకున్ననే. చేతిల చెంబుండె. ఉత్త చెంబు ఎట్ల తేవాలె? గుడికి పోయి తీర్థం పోయించుకొచ్చిన." తర్వాత నాన్న వైపు తిరిగాడు. "అన్నా, పొద్దున మీ తమ్మునికి తొవ్వ ఖాళీగుండె. పోతే గడియారం ఆయనదే. దిగి మా కాళ్ళ మీద నీళ్ళు పోసిండు. గెలిచిన గాని, గెలిచినట్టనిపిస్తలేదు."

నాన్న చేయి చాచి తీర్థం పుచ్చుకుని, తడిచేయి తలకు రాసుకున్నాడు. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక టైరు నొక్కి చూశాడు.

"అరిగింది. శనివారం ఎట్లాగూ భద్రాచలం పోతవు గదా, మార్పించుకో."

మర్నాడు వచ్చిన మామయ్య ఒక బస్తా మిరపకాయలతో వేంసూరు తిరిగిపోయాడు. శనివారం రెండో భాగం వచ్చింది. తీరా చూస్తే ఆ నాయికకు ఈత వచ్చట! నేను అన్ని రోజులు ఎందుకు కుమిలిపోయానో!

ఇప్పుడు ఫోన్లో ఎక్కడెక్కడి సైకిల్ పందేలో చూస్తుంటాను. ముందున్నవాడు ఒంటరిగా దూసుకుపోతుంటే, ఒకప్పుడు గేటెక్కి "పో, పో" అని అరిచిన పిల్లనే నేను, "ఆగు నాయనా, గుక్కెడు తాగి పో" అంటున్నాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నాయనమ్మ మాత్రం కన్నుమూసేదాకా, ఆ ఏడాది పిల్లల్లో భక్తి బాగా పెరిగిందనీ, ఉరికి ఉరికి పోయారనీ చెప్పుకుంది.

ఆ బొగ్గుబాయి మనిషి పేరు మేం అడగలేదు. మళ్ళీ కనిపించనూ లేదు. మా ఇంట్లో ఆయన 'చెంబన్న'గానే మిగిలాడు. ఈసారి నవమికి ఎవరైనా మీ చేతిలో పానకం పెడితే, మొదటి గుక్కకు ముందు మా చెంబన్నను ఒక్కసారి తలుచుకోండి. అసలు పేరు తెలియకపోయినా ఫరవాలేదు. రాముడికి తెలుసు.