అక్క రోలుకు సబ్బు తగిలింది

మా అక్క ఒబ్దూలియా బస్సులు ఆగే మలుపులో చిన్న పీట మీద కూర్చుని, మూడు కాళ్ళ రాతి రోలును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పచ్చ సాల్సా అనే కారప్పచ్చడి నూరేది. పక్కనే కోడలు యరేలి మొక్కజొన్న రొట్టెలు కాల్చేది. జనం వచ్చేది తన రొట్టెల కోసం కాదు, ఆ సాల్సా కోసమేనని యరేలి ఉడుక్కునేది. "అయితే రొట్టెలు మానేసి అట్టముక్కలు పెట్టు, అవీ అమ్ముడవుతాయి" అనేది అక్క.

ఆమెకు కొలతలు లేవు. కాగితంలాంటి పొట్టు ఒలిచి, జిగురు పోయేదాకా కడిగిన మా వైపు చిన్న పచ్చ టమాటాలు మిరపకాయలతో ఉడుకుతుంటే గిన్నె మీదికి వంగి చూసేది. నిగనిగలాడే రంగు పాలిపోగానే దించేసేది. పగిలితే చేదెక్కుతాయట. ఉప్పు, వెల్లుల్లి ముందు నూరి, మిగతావి కలిపి, చివర కొత్తిమీర వేసి, చేతి వెనక ఒక చుక్క పెట్టుకుని నాకి చూసేది. ఆమె విద్యంతా అక్కడే ఉంది. అయినా మా బావ కాస్తులో రోజూ మొదటి ముద్దకే "ఉప్పు తక్కువైంది" అనేవాడు. "ఉప్పు ఉంది. నీకే నాలుక లేదు" అనేది.

ఎండలు ముదిరే రోజుల్లో అక్క పోయింది. పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండుగ నవంబరులో వస్తుంది, ఆమెకిది మొదటిది. సాల్సా నేను చేస్తానన్నాను. అన్నాక భయం పట్టుకుంది. వాళ్ళు తినేదాకా వాళ్ళకు వండింది మనం రుచి చూడకూడదు. కొత్తగా దారి వెతుక్కుంటూ వచ్చే మనిషి, గిన్నెలో ఉన్నది తన సాల్సా కాకపోతే గుమ్మంలోంచే తిరిగిపోదా?

పొద్దున్నే రోలు దించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన.

"ఎవరు కడిగారు దీన్ని?"

"నేనే చిన్నత్తా. అత్తయ్య పోయినప్పుడు ఇల్లంతా కడిగాను కదా, దీన్నీ తోమాను."

"రాయి సబ్బును తాగేస్తుందే. మీ అత్త ఎప్పుడైనా నీళ్ళు తప్ప ఇంకోటి తగలనిచ్చిందా?"

"ఆవిడ నన్ను దాన్ని ముట్టుకోనిస్తేగా తెలియడానికి."

సబ్బును లాగేస్తుందని గుప్పెడు బియ్యం తెచ్చి రోట్లో పోశాను. ఇద్దరం వంతులేసుకుని బియ్యం నూరాం. బూడిదరంగు పిండి వచ్చింది, పారబోశాం. మళ్ళీ నూరాం. పూలు కడుతున్న బావ తలెత్తి, "అరగదీయండి. మీ అక్క వచ్చేసరికి గులకరాయి మిగులుతుంది" అన్నాడు.

"నువ్వు పూలు చూసుకో బావా."

ఉప్పు, వెల్లుల్లి వేసి రుద్దాను. వాసన పోయినట్టే ఉండి మళ్ళీ వస్తోంది. రాతిలో ఉందో, నా ముక్కులోనే ఉందో తెలియదు. వాకిట్లోకి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ చూశాను. ఇక పొద్దెక్కిపోతోందని టమాటాలు పొయ్యి మీద పెట్టాను. పక్కకు కదలకుండా కాచుకుని దించాను. నూరడం అయ్యాక చేతి వెనక చుక్క వేసుకున్నాను. చెయ్యి నోటిదాకా వెళ్ళింది.

"చిన్నత్తా." యరేలి నా మణికట్టు పట్టుకుంది.

కొంగున తుడుచుకున్నాను. గిన్నెను అక్క కోసం అమర్చిన పూల మధ్య పెట్టి కొవ్వొత్తి వెలిగించాం. నూరేటప్పుడు ఉప్పు వేశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గిన్నెను కుడికి జరిపాను, మళ్ళీ ఎడమకు జరిపాను.

మర్నాడు పోయినవాళ్ళను సాగనంపే గంటలు మోగాక తినడానికి కూర్చున్నాం. వాళ్ళు తిన్నదాంట్లో రుచి మిగలదంటారు. కాబట్టి చప్పగా ఉన్నా, అది నా తప్పో, అక్క తిన్న గుర్తో నాకు తేలదు. బావ రొట్టె చింపి, ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆయన దవడ వంకే చూస్తున్నాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

అని, రొట్టె చేతిలో పట్టుకుని ఆగిపోయాడు, ఎవరో ఏదో అనాలన్నట్టు. యరేలి నా వంక చూసింది.

"ఉప్పు ఉంది మామయ్యా. మీకే నాలుక లేదు" అంది యరేలి.

బావ తలూపి గిన్నెను తన వైపు లాక్కున్నాడు. అడుగు కనబడుతుంటే నేనూ ఒక చుక్క చేతి వెనక వేసుకున్నాను. ఉప్పు నిజంగానే తక్కువ. సబ్బు మాత్రం ఎక్కడా లేదు.