తెర దాటిన వాక్యం

పలమనేరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో నా పక్కన అరవై ఏళ్ల పెద్దావిడ కూర్చుంది. నేను ట్యాబ్‌లో మా కథల పత్రిక ఇంకా విడుదల కాని కొత్త సంచిక చూసుకుంటున్నాను. ట్యాబ్‌లో చదువుకోవడానికే మేం ముగ్గురు స్నేహితులం నడిపే పత్రిక అది. దానికి డబ్బు పెట్టే పెద్దమనిషి ఆ ఉదయమే ఫోన్ చేసి, ఈ సంచిక సమయానికి రాకపోతే తప్పుకుంటానన్నాడు.

"ఏం సదువుతుండావు నాయనా?" అందామె.

"కథలమ్మా. మేమే వేస్తాం" అని ట్యాబ్ చేతికిచ్చాను.

అక్షరాలు కంటికి ఆనక ఆమె రెండు వేళ్లతో పేజీని పెద్దది చేసింది. వాక్యం చివర తెర దాటిపోయింది. పక్కకు జరిపితే మొదలు పోయింది. అయినా వదల్లేదు. మొగిలి ఘాట్ దిగేదాకా అలాగే జరుపుకుంటూ ఒక్క పేజీ చదివింది.

"కత బాగుండాది. ఆ పిల్ల యాడికి పోయిందో సూడాలని ఉండాది. కానీ సదివేదానికన్నా ఎతుక్కునేదే ఎక్కువైంది గదప్పా" అని ట్యాబ్ తిరిగిచ్చి, చిత్తూరులో దిగిపోయింది.

పేజీని అచ్చు పుస్తకంలోలాగే కదలకుండా తెర మీద పేర్చి, అదే అందమనుకున్నాం మేం. తిరుపతిలో దిగగానే స్నేహితుడికి ఫోన్ చేసి సంచిక ఆపమన్నాను.

"ఆయన తప్పుకుంటాడు రా!"

"తప్పుకోనీ. బస్సులో ఒక పెద్దావిడ కథ చివరిదాకా చదవలేకపోయింది."

అక్షరం ఎంత పెంచినా వాక్యం తెరలోనే ఇమిడేలా నెలరోజులు కూర్చుని అన్ని కథలూ మళ్లీ పేర్చాం. ఆయన అన్నట్టే తప్పుకున్నాడు. చందా కట్టమని చదివేవాళ్లనే అడిగాం. అందరూ కట్టలేదు గానీ, పత్రిక ఆగలేదు.

ఇప్పటికీ ఏ సంచికైనా బయటికి వెళ్లేముందు, మా ముగ్గురిలో ఒకరు కళ్లజోడు తీసేసి, అక్షరాలు పెద్దవి చేసుకుని దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాల్సిందే.