మా అరుగు మీద అడిగిన మాట

నా కంటి ఆపరేషనప్పుడు పక్కన ఉంటనని మా చిన్నోడు జైలు నుంచి పెరోల్‌కు అర్జీ పెట్టుకున్నడు. బట్టలు నేసే సాంచాల కార్ఖానల మాటా మాటా పెరిగి, తోటి పనోన్ని ఇనుప రాడ్‌తోని కొట్టిండు. ఆ మనిషి బతకలే. అతని పెండ్లాం మా ఎనుక గల్లీలనే ఉంటది.

ఒకనాడు పొద్దుగాల విచారణకని పోలీసాయన వచ్చిండు. నేను ఊకెనే ఎవ్వలికీ చాయ్ పోసేదాన్ని కాదు. గా దినం చిక్కటి పాలల్ల అల్లం దంచి ఏసిన. కుర్చీ తుడిచి అరుగు మీద ఏసిన.

"నీ చేతి చాయ్ తాగిండంటే సారుకు ప్రమోషన్ వచ్చినట్టే" అని పక్కింటామె నవ్వింది.

ఆయన మా వాడకట్టోళ్లను మా అరుగు కాడికే పిలిచి, "వాడొస్తే మీకేమన్న ఇబ్బందా?" అని అడిగిండు. "ఏం ఇబ్బంది సారూ, రానియ్యుండ్రి" అన్నరందరు. ఆఖరికి ఆ సచ్చిపోయినాయన పెండ్లాన్ని గుడ పిలిపిచ్చిండు. కూసోమంటే కూసోలే. కొంగు నిండ కప్పుకొని కిందనే నిలబడ్డది. నేను గిలాస పట్టుకొని ఎదురుంగ ఉన్న.

"చెప్పమ్మా, ఇబ్బందా?"

నా దిక్కు చూసింది. "ఏం లేదు సారూ."

ఆయన రాసుకున్నడు. నా పానం నిమ్మలమైంది. ఆమె నేనిచ్చిన చాయ్ తాగకుంట అరుగు అంచుకు పెట్టి పోయింది. పారబోయ మనసొప్పక నేనే తాగవోయిన. మళ్ల ఆడనే పెట్టిన.

పొద్దుమూకి ఆమె ఇంటికి పోయిన. "నిజం చెప్పు బిడ్డా" అన్న.

"నీ ఇంటి ముంగట నిలబెట్టి, నీ కొడుకు వద్దని చెప్పుమంటే ఎట్ల చెప్పాలె పెద్దవ్వా? రేపు నల్లా కాడ గీ వాడోళ్లతోనే కదా నేను నీళ్లు పట్టుకోవాలె. వాని గొంతు ఇంటే మా పిల్ల వణుకుతది."

సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన. తెల్లారి ఠాణాకు పోయి, ఆమెను ఆమె ఇంట్లనే, ఆడ పోలీసుతోని అడిగిపియ్యమన్న.

"ఏందమ్మా, కొడుకు రావద్దా నీకు?"

"రావాలె సారూ. గందుకే సిగ్గైతుంది."

నేను చిన్నప్పుడే బడి ఇడిసినదాన్ని. కాయిదాల సంగతి నాకు తెల్వదు. కానీ విడిచిపెట్టుడో పెట్టకపోవుడో తేల్చే పెద్దసార్లు ఒక్కటి చూడాలె: ఆ మాట ఎవల వాకిట్ల అడిగిండ్రు, పక్కన ఎవలు నిలబడ్డరు. మా చిన్నోన్ని గుడ, నువ్వేం చేసినవో నీకు తెల్సిందా అని ఎవ్వలన్న కూసోబెట్టి అడగాలె. ఎవ్వలూ అడగలే. చాయ్ పోసిన నేను గుడ అడగలే.

ఆడ పోలీసు ఇంటికి పోయి అడిగితే ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అర్జీ కొట్టేసిండ్రు. జైల్ల ములాఖత్‌కు పోతే ఇనుప జాలి అవతల నుంచి వాడు, "ఎవలు వద్దన్నరవ్వా?" అన్నడు.

"ఆమెను మళ్ల అడుగుమన్నది నేనే."

వాడు మెల్లగ అన్నడు: "మరి దవాఖానకు నీ ఎంబడి ఎవలొస్తరు?"

నన్ను తిట్టినా బాగుండు అనిపిచ్చింది.